ఫుమియె వంటింట్లో కొండవెల్లుల్లి

ఫుమియె ముక్కు పనిచేయడం లేదని మొదట కనిపెట్టింది నేనే. కనిపెట్టి ఆరు నెలలు నోరు మూసుకున్నదీ నేనే. అందుకే ఈ కథను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న సందేహం నాకెప్పుడూ రాలేదు.

మా ఊరు తొచికుబొ, ఉత్తర జపానులో. కొండల నడుమ ఇరవై మూడు ఇళ్లు, వాటిలో పొయ్యి వెలిగేవి పద్నాలుగు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంటి కప్పుల మీది మంచు తవ్వి కిందికి తోయడంతోనే సరిపోతుంది. కింద బస్సు ఆగే చోట సహకార సంఘం కొట్టు ఉంది, దాన్ని నేను చూసుకుంటాను. నా పేరు మినాకొ, ఫుమియె ముద్దుగా మినా-చాన్ అంటుంది. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా పెళ్లికి ముందు సెందాయ్‌లో ఒక హోటల్లో పనిచేశాను కాబట్టి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కల పుణ్యమా అని ఫుమియె వంటింట్లో నాకు చోటు దొరికింది.

ఇగరాషి ఫుమియెకి డెబ్భై రెండేళ్లు. మా లోయలో బడి ఉన్నన్నాళ్లూ, ముప్పై ఒక్క ఏళ్లు, ఆ బడి వంటశాలలో వండింది. నూట నలభై మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం. ఒక వేసవిలో పెట్టెల నిండా చేపలు వచ్చాయట. తోటి వంటవాళ్లు ముగ్గురూ బాగానే ఉన్నాయన్నారు. ఫుమియె ఒక్కతే మూత తీసి వాసన చూసి, "ఇవి పిల్లలకి పెట్టను" అని పక్కకు నెట్టేసింది. ప్రధానోపాధ్యాయుడు అరిచాడు. ఆ రోజు పిల్లలు అన్నం, ఊరబెట్టిన ముల్లంగితో సరిపెట్టుకున్నారు. అవే చేపలు తిన్న కింది ఊరి బడిలో సాయంత్రానికి పిల్లలు వరసగా వాంతులు చేసుకున్నారని మర్నాడు తెలిసింది. ఆ తర్వాత ఆమె వద్దన్న దాన్ని పొయ్యి మీద పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు.

బడి మూతపడింది. భర్త యసుజి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. ఒకరోజు పట్టణ కార్యాలయం నుంచి కుర్ర ఉద్యోగి ఒకాయన వచ్చి, విదేశాల నుంచి తిరగడానికి వచ్చేవాళ్లకు ఇంటి వంట నేర్పుతారా అని అడిగాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇంటి వంటా? వాళ్లకి హోటళ్లు లేవా?" అంది ఫుమియె.

"హోటలు తిండి వద్దంటారండి. మీరు రోజూ ఏం తింటారో అదే కావాలంటారు."

"నేను రోజూ తినేది చూస్తే వచ్చిన బస్సులోనే వెనక్కి పోతారు."

పోలేదు. ఎనిమిదేళ్లపాటు వస్తూనే ఉన్నారు. నెలకు నాలుగైదు జట్లు. ఆమెను "ఒకాసాన్" అని, అంటే అమ్మా అని పిలిచేవాళ్లు. ఊళ్లోవాళ్లం మాత్రం ఫుమియె-సాన్, అంటే ఫుమియె గారూ అంటాం. ఎండుచేపలతో చారు కాయడం, మిసొ అనే పులియబెట్టిన సోయా ముద్దను గరిటెలో పెట్టి చారులో మెల్లగా కరిగించడం, ముల్లంగిని ముసలివాళ్లు నాలుకతో నలుపుకుని తినేంత మెత్తగా ఉడికించడం నేర్చుకునేవాళ్లు. పుస్తకాలు తెరిచి, ఎన్ని చెంచాలు, ఎన్ని నిమిషాలు అని అడిగితే ఆమె నవ్వేది. "వాసన మారేదాకా అని చెప్పవే," అనేది నాతో. నేను చెప్పేదాన్ని. వాళ్లు అదే రాసుకునేవాళ్లు.

నిరుడు కాక మొన్నటి ఏడు నవంబరులో ఆమెకు జ్వరం, జలుబు పట్టుకున్నాయి. పది రోజుల్లో లేచి తిరిగింది. తర్వాత ఒక పొద్దున నేను నూనె సీసా ఇచ్చి వద్దామని వెళ్లాను. వాకిట్లోకే మాడు వాసన కొట్టింది. లోపల కుండలో అన్నం అడుగంటి పొగలు కక్కుతోంది. ఫుమియె దాని పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఫుమియె-సాన్! అన్నం!"

ఆమె ఉలిక్కిపడి కుండ దించింది. పొగను కళ్లతో చూసింది, చేత్తో తోసింది. "పరధ్యానంలో ఉన్నాను," అంది. నేను నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

రెండు వారాలకు గ్యాస్ సంగతి జరిగింది. కెటిల్ పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ వస్తూనే ఉంది. నేను తలుపు జరపగానే గ్యాస్ వాసన గుప్పున కొట్టింది. ఆమె బల్ల దగ్గర కూర్చుని, ఎవరో అతిథి పంపిన కార్డు చదువుకుంటోంది. పరుగెత్తి మీట కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను. గోడకు ఉండాల్సిన, గ్యాస్ కారితే మోగే గంట తీసేసి సొరుగులో పడి ఉంది. "అస్తమానం కూస్తోంది, చెడిపోయిందనుకుని పీకేశాను," అంది. అప్పటికి నాకు విషయం అర్థమైంది.

"ఎప్పట్నుంచి?"

ఆమె కార్డు మీది నుంచి తలెత్తి చూసింది. తర్వాత, "జ్వరం తగ్గినప్పట్నుంచి. మొదట్లో ముక్కు దిబ్బడ అనుకున్నా. వెనిగరు సీసా ముక్కు కింద పెట్టుకున్నా తెలీట్లేదు, మినా-చాన్. నోట్లో ఏది పెట్టుకున్నా తడి కాగితం నమిలినట్టుంది."

"డాక్టరుకి చూపించుకోండి."

"చూపించుకున్నా. వస్తే వస్తుందట, రాకపోతే లేదట." కార్డును జాగ్రత్తగా కవరులో పెట్టింది. "ఎవరికీ చెప్పకే. తెలిస్తే ఆఫీసువాళ్లు జాబితాలో నా పేరు కొట్టేస్తారు. ఈ ఇంట్లో పొద్దస్తమానం నేనేం చెయ్యను? మంచుతో మాట్లాడుకోనా?"

గ్యాస్ గంట మళ్లీ గోడకు పెట్టించి, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ చలికాలమంతా ఆమె ముక్కు నేనే అయ్యాను. ఒక ఏర్పాటు చేసుకున్నాం. పాఠం జరుగుతున్నప్పుడు నేను పొయ్యికి దగ్గరగా నిలబడతాను. బాగుంటే చెవి తాకుతాను, దించాల్సి వస్తే ముక్కు గోక్కుంటాను. ఒకసారి నాకు నిజంగానే ముక్కు దురద పెట్టింది. ఆమె బంగారంలాంటి చారును మొత్తం పారబోసి, "ఇది పాడైపోయింది, మళ్లీ పెడదాం," అని అతిథులకు గంభీరంగా చెప్పింది. వాళ్లు వెళ్లాక ఇద్దరం కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నాం. అలా నవ్వుకున్నాం కాబట్టే అదొక ప్రమాదంలా కనిపించలేదేమో.

కానీ వంటలో ఉప్పు పెరుగుతూ వచ్చింది. నాలుకకు ఏదో ఒకటి తగలాలన్నట్టు వేసేది. అతిథులకు తేడా తెలియదు. పక్కింటి గెంజొ తాతకు తెలిసింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఒంటరిగా ఉంటాడు. ఈ కొండల్లో ఏ ఆకు ఏమిటో, ఏ పుట్టగొడుగు ఎక్కడ మొలుస్తుందో ఊరికి నేర్పినవాడు. ఫుమియె ఏం వండినా ఒక గిన్నె ఆయన అరుగు మీద పెట్టి రావడం నలభై ఏళ్ల అలవాటు.

"ఫుమియె ఎవరితోనో ప్రేమలో పడ్డట్టుంది," అన్నాడు ఫిబ్రవరిలో నా కొట్టుకు వచ్చి. "కూరంతా ఉప్పే. నీకేమైనా తెలుసా పిల్లా?"

"మీరే అయ్యుంటారు తాతా," అన్నాను. ఆయన పడీపడీ నవ్వి, పొగాకు కొనుక్కుని వెళ్లిపోయాడు.

మే నెల వచ్చింది. మంచు కరిగి, నేల నుంచి ఆకులు ఒక్కపెట్టున పైకి తోసుకొచ్చే రోజులవి. మాకు ఏడాదిలో అసలైన రుచి ఆ మూడు వారాలే. కొండవెల్లుల్లి అని ఒక ఆకుంది. వెడల్పుగా, మెత్తగా ఉంటుంది, నలిపితే వెల్లుల్లి వాసన గుప్పుమంటుంది. అచ్చం అలాగే ఉండేది ఇంకొకటుంది. మావాళ్లు కుక్కకుంకుమ అంటారు. శరత్కాలంలో ఊదారంగు పూలు పూస్తుందని పెరళ్లలో నాటుతారు. దాని ఆకు తింటే మనిషి బతకడు. రెండింటికీ తేడా తెలుసుకోవడం చిన్నప్పుడే నేర్పుతారు. ఆకు నలుపు, వాసన చూడు. వాసన లేకపోతే పారెయ్.

ఆ నెలలో ఎస్తోనియా నుంచి ఇద్దరు వచ్చారు, హెల్వె, ఆమె భర్త ఆర్వొ. అరవై దాటినవాళ్లు. ఐదు రోజులు ఫుమియె ఇంట్లోనే దిగారు. హెల్వె చేతులు పనికి అలవాటుపడ్డవి. రెండో రోజుకే ఫుమియె చెప్పకముందే మూత తీసి చూసేది. వాళ్ల దేశంలోనూ అడవిలో వెల్లుల్లి వాసన ఆకు ఉంటుందట, వసంతంలో దానికోసమే అడవికి వెళతారట. ఇక్కడిది కోసి వండాలని పట్టుబట్టింది.

"తీసుకెళ్తానని చెప్పవే," అంది ఫుమియె మొహం వెలిగిపోతూ. ఆ చలికాలమంతా ఆమె మొహంలో ఆ వెలుగు నేను చూడలేదు.

నేను ఆమెను పక్కకు లాగి, "నేను లేకుండా కోయకండి," అన్నాను.

"అదే కదే, నువ్వూ రా. తొమ్మిదింటికి."

ఆమె ఎప్పుడూ కోసేది పై వాగు ఒడ్డున. అక్కడ కొండవెల్లుల్లి తప్ప మరొకటి మొలవదు. కానీ ఆ వారం పిల్లతో ఉన్న ఎలుగుబంటి పై దారిలో కనిపించింది. దారికి తాడు కట్టారు. ఊరి మైకులో పొద్దున, సాయంత్రం అటు వెళ్లొద్దని చెబుతూనే ఉన్నారు. మిగిలింది ఒరియె ఇంటి పెరడు. ఒరియె పోయి పదకొండేళ్లు, ఇల్లు సగం కూలింది. బతికున్న రోజుల్లో ఆమె వాగు నుంచి కొండవెల్లుల్లి తెచ్చి కంచె వెంట నాటింది. పూలంటే కూడా ఇష్టం ఆమెకు. కంచె వెంట ఇంకా ఏమేం నాటిందో మాలో ఎవరమూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ పొద్దున రోడ్డు మీద మన్ను జారి సరుకు లారీ ఆలస్యమైంది. పాలు, తోఫు, మందులు అన్నీ అందులోనే. నేను కొట్టు వదిలి కదలలేకపోయాను. ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి, కాస్త ఆగమన్నాను.

"వీళ్లు బూట్లేసుకుని వాకిట్లో నిలబడ్డారే. వాన వచ్చేలా ఉంది," అంది ఫుమియె. "యాభై ఏళ్ల నుంచి కోస్తున్న ఆకు. కళ్లు బాగానే ఉన్నాయిలే నాకు."

"ఫుమియె-సాన్, వద్దు. ఆగండి."

"సరే సరే," అంది. ఆ సరే సరేకి అర్థం నాకు తెలుసు. తెలిసీ లారీ కోసం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

నేను వెళ్లేసరికి పన్నెండూ నలభై. వంటిల్లు వెల్లుల్లి వాసనతో ఘుమఘుమలాడుతోంది. ప్రాణం కుదుటపడింది. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఉడికించిన ఆకులకు పులుపు కలిపిన మిసొ పట్టించిన కూర గిన్నె దాదాపు ఖాళీ. గుడ్డుతో వేయించిన పళ్లెంలో రెండు ముక్కలు మిగిలాయి.

"మినా-చాన్, చూడు, ఆర్వొ-సాన్ మూడుసార్లు పెట్టించుకున్నాడు!" అంది ఫుమియె.

ఆర్వొ పొట్ట తడుముకుంటూ నవ్వాడు. నేను గిన్నెలు తీసుకుని తొట్టి దగ్గరకు వెళ్లాను. మిగిలిన ఆకులు బుట్టలో ఉన్నాయి. ఊరికే, అలవాటుగా, ఒకటి తీసి నలిపాను. వెల్లుల్లి. ఇంకొకటి నలిపాను. అదీ వెల్లుల్లే. కానీ అప్పటికే నా వేళ్లకు ఆ వాసన పట్టేసింది కదా అనిపించింది. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని, మూడోది నలిపాను.

పచ్చగడ్డి వాసన. అంతే.

మళ్లీ కడిగాను. నాలుగోది. గడ్డి. మళ్లీ కడిగాను. ఐదోది వెల్లుల్లి.

హెల్వె కూడా పెరట్లో ఆకులు నలిపి వాసన చూసిందని తర్వాత తెలిసింది. మొదట నలిపింది మంచిది. ఆ తర్వాత ఆమె ముట్టుకున్న ప్రతి ఆకూ వెల్లుల్లి వాసనే వేసింది. ఒకాసాన్ ముందు నడుస్తుంటే ఆమెకు అనుమానం ఎందుకు వస్తుంది? దుంపలు చావకూడదని కొడవలితో ఆకుల వరకే గుప్పిళ్లుగా కోశారు. మొదలు చూసి ఉంటే ఫుమియె కళ్లు పట్టేసేవి.

నేను తొట్టి దగ్గర నిలబడిపోయాను. వెనకాల వాళ్లు టీ తాగుతున్నారు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆమె ముక్కు సంగతి బయటపడుతుంది, నేను దాచిన సంగతి బయటపడుతుంది. రెండాకులేగా, కూరలో పడ్డాయో లేదో, పడినా ఏమవుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఐదు నిమిషాలు ఉండదు. డాక్టర్లు తర్వాత, ఆ ఐదు నిమిషాల వల్ల ఏమీ మారలేదన్నారు. నాకు మాత్రం ఆ ఐదు నిమిషాలు అలాగే ఉన్నాయి.

ఆకు తీసుకెళ్లి ఫుమియె ముందు పెట్టాను. "ఇది వాసన రావట్లేదు."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. బుట్ట తెప్పించి, ఆకులన్నీ బల్ల మీద పరిచి, మొదళ్లు దగ్గరగా పెట్టి చూడసాగింది. కొన్నింటి మొదట్లో కొండవెల్లుల్లికి ఉండే ఎర్రటి తొడిమ ముక్క ఉంది, కొన్నింటికి లేదు. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

"వీళ్లకి చెప్పు," అంది. "కక్కమను. నువ్వు ఆంబులెన్సుకి ఫోన్ చెయ్. నాకు వాసన తెలీదని కూడా చెప్పు. అంతా చెప్పు."

హెల్వెకు నా విరిగిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నన్ను కాదు, ఫుమియెను చూసింది. కోపంగా కాదు. తప్పిపోయిన చంటిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత లేచి భర్త రెక్క పట్టుకుని స్నానాలగదికి నడిపించింది.

ఆంబులెన్స్ రావడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. ముగ్గురినీ ఎక్కించారు. ఫుమియె తిన్నది ఒక్క ముద్దే. రుచి తెలియని తిండి ఆమె ఎవరైనా చూస్తుంటేనే తినేది. నేను మిగిలిన ఆకులు సంచిలో వేసుకుని కారులో వెనకాలే బయల్దేరాను. రెండో మలుపు దాటుతుండగా ఫోన్ మోగింది.

"మినా-చాన్." ఫుమియె గొంతు గుర్తుపట్టలేనట్టుంది. "పదకొండున్నరకి గెంజొ-సాన్ అరుగు మీద ఒక గిన్నె పెట్టాను."

కారు వెనక్కి తిప్పాను.

గెంజొ తాత అరుగు మీదే కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. పక్కన గిన్నె. కడిగి, బోర్లించి ఉంది.

"తాతా, ఆకుకూర తిన్నారా?"

"తినకుండా చూస్తూ కూర్చుంటానా? మొత్తం ఊడ్చేశా. ఉప్పు మాత్రం తగ్గించమని చెప్పు ఆవిడకి."

"అందులో కుక్కకుంకుమ కలిసింది తాతా. పదండి, కారెక్కండి, ఆస్పత్రికి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "విషం తిన్నవాడిలా ఉన్నానా నేను? మొహం చూస్తే నువ్వే తిన్నట్టున్నావు."

"మీరే చెప్పారు కదా చిన్నప్పుడు మాకు, అది వెంటనే తెలీదని!"

"చెప్పాను. ఫుమియె కోసిన ఆకులో అది ఉంటుందని చెప్పానా? ఆ ముక్కు ఎలాంటి ముక్కో తెలుసా నీకు? చేప పెట్టె మూత తియ్యకుండా చెప్పేది."

"ఆమెకి ముక్కు పనిచేయట్లేదు తాతా. నవంబరు నుంచి."

నూరడం ఆగింది. కొడవలి అంచును బొటనవేలితో తడిమాడు. "అదా ఉప్పు," అన్నాడు. తర్వాత మళ్లీ నూరడం మొదలుపెట్టాడు. "నాకు ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం చూద్దాంలే. నారుమడికి నీళ్లు పెట్టాలి."

బతిమాలాను. చెయ్యి పట్టుకుని లాగాను. డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించబోతే చెవిటివాడిలా తల ఊపాడు. పట్టణంలో ఉండే ఆయన కూతురు సయొకొకు ఫోన్ చేశాను. ఆమె వచ్చేసరికి నాలుగు. అప్పటిదాకా ఆయన వెనకాలే మడి గట్టు మీద తిరిగాను. ఎండలో, నీళ్లలో, బురద కాళ్లతో ఆయన హుషారుగా పనిచేస్తూనే ఉన్నాడు. మధ్యమధ్యలో నా వైపు తిరిగి, "ఇంకా చావలేదు," అని వెక్కిరించాడు. ఆ రెండు గంటలు నేను బతికిన వాటన్నిటిలోకీ పొడుగైనవి. మనిషి కళ్ల ముందు నవ్వుతున్నాడు, లోపల ఏం జరుగుతోందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

సయొకొ కారు దిగి, "నాన్నా, నా కోసం రా," అంటే అప్పుడు కదిలాడు. సగం దారిలో కారు ఆపమన్నాడు. రోడ్డు పక్కన కూర్చుని కక్కడం మొదలుపెట్టాడు. అది మర్నాటి దాకా ఆగలేదు. మూడో రోజు పొద్దున పోయాడు. తెలివి ఉన్నప్పుడు సయొకొతో అన్నాడట, "వేరే ఎవరు పెట్టినా ఆకు విప్పి చూసేవాణ్ని. ఫుమియె చేతిది కదా."

ఫుమియెకు ఏమీ కాలేదు. హెల్వెకు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆర్వొ తొమ్మిది రోజులు గండంలో ఉండి బయటపడ్డాడు. రెండు వారాల తర్వాత జుట్టంతా దిండు మీదికి రాలిపోయింది. ఆ విషం అలా చేస్తుందన్నారు. వెళ్లేముందు ఇద్దరూ మా ఊరు వచ్చి ఫుమియె వాకిట్లో నిలబడ్డారు. ఫుమియె నేల మీద నుదురు ఆనించి లేవలేదు. హెల్వె పక్కనే కూర్చుని, ఆమె వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పోలీసులు వచ్చారు, ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చారు. ఫుమియె ఇంట్లోనే కూర్చోబెట్టి అడిగారు. నేను టీ పోస్తున్నాను.

"మీకు వాసన తెలియట్లేదని ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు," అంది ఫుమియె నా వైపు చూడకుండా. "నేనెవరికీ చెప్పలేదు."

రాసుకున్నారు. నేను టీ పోసి కెటిల్ లోపల పెట్టాను. నోరు తెరవలేదు. అది రెండోసారి.

ఆమె పేరు జాబితాలోంచి తీసేశారు. కేసు పెద్దగా సాగలేదు. పెద్దావిడ, కావాలని చేసింది కాదు అన్నారు. ఊళ్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు నడక వేగం పెంచేవారు. అరుగుల మీద గిన్నెలు పెట్టుకోవడం మా ఊళ్లో ఆగిపోయింది. ఎవరి వంట వాళ్లదే.

నలభై తొమ్మిదో రోజు కర్మకు గెంజొ ఇంటికి వెళ్లాను. అందరూ వెళ్లిపోయాక సయొకొ దగ్గర కూర్చుని, నాకు నవంబరు నుంచీ తెలుసని చెప్పాను. గ్యాస్ సంగతి, చెవి తాకడం, ముక్కు గోక్కోవడం, తాత ఉప్పు గురించి అడిగితే నవ్వి దాటేయడం, అన్నీ.

ఆమె ఫోటో ముందున్న కొవ్వొత్తిని సరిచేసింది. "మార్చిలో నాన్న ఫోన్‌లో అన్నాడు, ఫుమియెకి ఏదో అయ్యింది, ఎవరైనా కనుక్కుంటే బాగుండని. నేను పనిలో ఉన్నానని పెట్టేశాను." నా వైపు తిరిగి, "మీరు ఇది చెప్పి తేలికపడదామని వచ్చారా?" అంది.

నేను లేవబోయాను. జవాబు అవునే కాబట్టి.

"ఫుమియె-సాన్‌ని రమ్మనండి. నాన్న ముందు కాసేపు కూర్చోమనండి. మీరు మాత్రం ఇవాళ్టికి వెళ్లండి."

ఫుమియె ఆ మర్నాడు వెళ్లింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఇప్పుడు ఆమె వంట మానేసింది. వారానికి రెండుసార్లు వచ్చే బండి దగ్గర ప్యాకెట్ తిండి కొనుక్కుంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని తేదీ రెండుసార్లు చదువుతుంది, నాకిచ్చి మూడోసారి చదివిస్తుంది.

చలికాలంలో హెల్వె ఉత్తరం రాసింది. ఆర్వొకు జుట్టు మళ్లీ మొలిచిందట, ఈసారి ఉంగరాలు తిరిగి. ముల్లంగి కూర ఎంతసేపు ఉడికించాలో మరిచిపోయాను, చెప్పమని అడిగింది. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. ఫుమియె చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, గోడ గడియారం వైపు చూసింది. "నలభై నిమిషాలని రాయి," అంది.

అంతకుముందు, గెంజొ తాత పోయిన ఆ వేసవి అంతా మేమిద్దరం ఒరియె పెరడు తవ్వాం. కుక్కకుంకుమ దుంపలు మూరెడు లోతున, రాళ్ల మధ్య, కూలిన గోడ కింద దూరి ఉన్నాయి. బకెట్లకొద్దీ తీసి కాల్చాం. అక్టోబరులో ఆకు లేకుండా, ఉత్త నేలలోంచి ఊదారంగు పూలు పదకొండు లేచాయి. అవీ తవ్వాం.

ఈ ఏడు మంచు తొందరగా కరిగింది. ఏప్రిల్ చివరకే కంచె వెంట ఆకులు తోసుకొచ్చాయి, కంచె అవతల వాగు వైపు కూడా. వానకు కొట్టుకుపోయిన దుంపలు ఎక్కడెక్కడ తేలాయో మాకు తెలియదు. రోజూ పొద్దున్నే వెళతాం. నేను ఒక్కో ఆకు నలిపి వాసన చూసి, బకెట్ నీళ్లలో చేతులు కడుక్కుని, ఇంకోటి నలుపుతాను. వాసన రానిదాని దగ్గర ఫుమియె గునపం దించుతుంది. నా ముక్కు ఇంకా పనిచేస్తోందో లేదో అని, నిద్ర లేవగానే వెనిగరు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం నాకు అలవాటైంది. నిన్న వాగు ఒడ్డున, ఎప్పుడూ కొండవెల్లుల్లి తప్ప మరొకటి మొలవని చోట, చేతులు మూడుసార్లు కడుక్కుని నలిపాను. గడ్డి వాసనే వచ్చింది. ఫుమియెకు చూపించాను. ఆమె గునపం అందుకుని మోకాళ్ల మీద కూర్చుంది.